ముఖం అడిగిన పెట్టె

వికారి నామ సంవత్సరం, వైశాఖ మాసం. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే ఎర్రగుట్ట అడవిలో వాగులన్నీ ఎండి ఇసుక తేలాయి. కుంటలు నెర్రెలు విచ్చాయి. అడవి మొత్తానికి నీళ్లు మిగిలింది ఒక్క ఏనుగుమడుగులోనే.

ఆ మడుగు గట్టు మీద, రెండు తుమ్మచెట్ల మధ్య, ములుకమ్మ అనే ముసలి ఏదుపంది బొరియ ఉంది. పదకొండు వేసవులుగా ఆమె కాపురం అక్కడే. ఆమెతో కలిపి ఇంట్లో పదిహేడు మంది. అందులో ఇద్దరు పసివాళ్లు, ఆ నెలలోనే ఆమె కూతురు పొదమ్మకు పుట్టారు. గట్టు దిగితే నీళ్లు. ఇన్నేళ్లలో నీళ్ల కోసం ములుకమ్మ ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఆ ఏడు అడగవలసి వచ్చింది.

అడవికి రాజు పెద్దపులి. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేక అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మడుగులో నీళ్లు తగ్గుతున్నాయని చూసి పెద్దాయన ఒక మాట చెప్పాడు.

"ఈ మడుగు ఎర్రగుట్టలో పుట్టిన ప్రతివాళ్లదీ. ఒక్కరు కూడా దాహంతో వెనక్కి పోకూడదు. పొరుగు అడవి వాళ్లు మాత్రం ఇందులో మూతి పెట్టకూడదు. ఎలా చేస్తారో మీ ఇష్టం. నేను పొలిమేరలు చూసుకొని పౌర్ణమికి వస్తాను."

ఎలా చేయాలో తనకు తెలుసని ముందుకు వచ్చినవాడు పెద్దాయన కొలువులో ఉండే గుంటయ్య అనే నక్క. మధ్యలో మూడేళ్లు పట్నం అంచున, ఏదో పెద్ద ఆఫీసు వెనక గోతిలో ఉండి వచ్చాడు. అక్కడ ఏం నేర్చాడో ఎవరికీ తెలియదు గాని, వచ్చేటప్పుడు ఒక పెట్టె తెచ్చాడు. దానికి ఒక గాజు కన్ను, ఒక ఎర్ర దీపం, ఒక ఆకుపచ్చ దీపం. లోపలినుంచి ఒక తియ్యని ఆడగొంతు పలికేది. దాని తీగలు, మరలు చూసుకోవడానికి చిటికెయ్య అనే కోతిని పెట్టుకున్నాడు.

మడుగు చుట్టూ ముళ్లకంచె కట్టించి, ఒక్కచోట సందు వదిలించాడు గుంటయ్య. సందు దాటితే అడుగు నీళ్లలోనే. సందు ముందు ఒక బల్లపరుపు బండ. బండ మీద కాలు పెట్టగానే, పక్కన రాటకు కట్టిన పెట్టె కన్ను తెరుస్తుంది. మొదటిసారి ముఖం చూపిస్తే రికార్డులో ఎక్కించుకుంటుంది, ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముఖం గుర్తుపడుతుంది. ముఖం కనబడకపోతే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగితే అక్కడ కాపలా ఉన్న అడవిదున్న బండయ్య ముళ్లకంప లాగి సందు మూసేయాలి.

"పెట్టెకు చుట్టాలు లేరు, పక్కాలు లేరు," అని చాటించాడు గుంటయ్య. "దానికి చిన్నా పెద్దా లేదు. దాని మాటే ఆఖరి మాట. ఎవరికీ మినహాయింపు లేదు."

వినడానికి అందరికీ బాగుంది. నిజం చెప్పాలంటే, ఆలోచన మంచిదే. ఇంతకు ముందు బలమున్నవాడిదే మడుగు. ఇప్పుడు కుందేలుకూ వరుసలో చోటు దొరికింది.

ఇది సవ్యంగా సాగితే పౌర్ణమినాటికి గుంటయ్య మంత్రి అవుతాడు. జలపాతం పక్కన చల్లటి గుహ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని అతను అప్పటికే రెండుసార్లు చూసి వచ్చాడు.

తదియ నాడు నమోదు మొదలైంది. గబ్బిలాలు అలవాటు ప్రకారం కొమ్మకు వేలాడుతూ ముఖాలు చూపించాయి. "ఫోటో తిరగబడినది, దయచేసి సరిచేసుకోండి," అంది పెట్టె. నిటారుగా నిలబడమన్నాడు గుంటయ్య. నిలబడ్డాయి, పడ్డాయి, మళ్లీ నిలబడ్డాయి. ఏడోసారికి దీపం పచ్చబడింది. తాబేలు పెట్టెను చూసి సిగ్గుపడి తల లోపలికి లాక్కుంది. అది మళ్లీ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది, వరుస గుట్ట చుట్టూ తిరిగింది. నవ్వుకుంటూ, తిట్టుకుంటూ ఎలాగో అందరూ అయ్యారు.

పొద్దు వాలుతుండగా ములుకమ్మ తన పదహారు మందిని వెంటబెట్టుకొని గట్టు దిగింది. బండకు పది అడుగుల దూరంలో ఆగింది. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ముళ్లన్నీ వీపు మీద బుద్ధిగా పడుకోబెట్టుకొని, ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ బండ ఎక్కడానికి వచ్చారు.

ముందు ములుకమ్మ ఎక్కింది. పెట్టె కన్ను తెరిచింది.

"ముఖం కనబడుట లేదు. పొరుగు అడవి జంతువుగా భావించడమైనది."

ఎర్ర దీపం. బండయ్య నెమ్మదిగా కంప లాగాడు.

గుంటయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. "అవ్వా, ఇటు తిరుగు. ఫోటో ముఖానికి తీస్తారు గాని వెనక భాగానికి తీస్తారా?"

"మేం ఇలాగే వస్తాం నాయనా," అంది ములుకమ్మ.

"ఎందుకు?"

"కొత్త చోటికి ముఖం ముందు పెట్టుకొని వచ్చామంటే, నీ మీద నమ్మకం లేదు, కనిపెట్టి చూస్తున్నాం అని అర్థం. పోట్లాటకు పోయేటప్పుడు ముందు అలాగే పోతాం. చుట్టపు చూపుగా వస్తే వీపు తిప్పి వస్తాం. వీపు నీకు అప్పగించామంటే అంతకంటే మర్యాద మా ఇళ్లల్లో లేదు."

"మాకైతే వీపు చూపించడం తలపొగరు."

"అది మీ ఇంట్లో. ముళ్లు చూడు, పడుకున్నాయా, లేచాయా? పడుకుంటే స్నేహం. మమ్మల్ని చూసేవాళ్లు ముందు అవే చూస్తారు."

"ముళ్లు చూడడానికి పెట్టెలో ఏర్పాటు లేదు. సిస్టమ్ తీసుకోదవ్వా."

వెనకనుంచి పొదమ్మ సన్నగా అంది. "అమ్మా, పోనీలే, నేను తిరిగి చూపిస్తాను. పసివాళ్లకు పాలు చాలట్లేదు."

పొదమ్మ బండ ఎక్కి ముఖం పెట్టెకు తిప్పింది. రెప్ప వేయని గాజు కన్ను ఒకటి తిన్నగా ఆమెనే చూసింది. పాపం, ఆమె చేతిలో లేదది. వెన్ను జివ్వుమంది, ఒంటి మీద ముళ్లన్నీ గలగలమంటూ నిక్కబొడుచుకున్నాయి. వాటి చాటున ముఖం మాయమైంది.

"అనుమానాస్పద వస్తువు," అంది పెట్టె. "దయచేసి దూరంగా ఉండండి."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పొదమ్మ తలదించుకొని బండ దిగింది. బండయ్య కంప లాగుతూ, "నాకు బాగా లేదమ్మా ఇది," అని ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. లాగడం మాత్రం మానలేదు. దున్న అన్నాక పని చేతికిచ్చాక చేయాల్సిందే.

మర్నాడు ములుకమ్మ మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బండకు పది అడుగుల దూరంలో వెనక్కి తిరిగింది. ప్రతిసారీ ఎర్ర దీపమే. ఇంటికి పోయి గడ్డలు తవ్వి, నమిలి, ఆ పసరుతోనే గొంతులు తడుపుకున్నారు పదిహేడు మందీ. గడ్డలు కూడా రోజురోజుకూ పీచుపీచుగా తయారవుతున్నాయి. రోహిణి వస్తే అవీ ఉండవు. పొదమ్మకు పాలు సగానికి పడిపోయాయి. పసివాళ్లు ఏడవడం తగ్గించారు. ములుకమ్మను భయపెట్టింది అదే.

ఏడోరోజు చిటికెయ్య రాట మీదినుంచి దిగి గుంటయ్య దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక మాట. ఒక ఏదుపంది వీపు మీద చారలున్నట్టు ఇంకో ఏదుపందికి లేవు. నిన్న పొద్దస్తమానం చూశాను. పెట్టె కన్ను కాస్త వంచి, వీపు కూడా గుర్తుపట్టమని చెబితే సరిపోతుంది. అరపూట పని."

"ఇవాళ వీపు అంటారు. రేపు గబ్బిలాలు తలకిందులు అంటారు. ఎల్లుండి తాబేలు నా డిప్పకు తియ్యి అంటుంది. ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారు."

"అడిగితే ఏమైంది? అందరి మడుగే కదా."

"చిటికెయ్యా, నీ పని మరలు బిగించడం. పనికిమాలిన బుర్ర ఎక్కించుకోకు."

చిటికెయ్య తోక ఊపుకుంటూ చెట్టెక్కాడు. కోతికి కోపం వస్తే చెట్టెక్కుతుంది, అంతకంటే ఏం చేస్తుంది.

అయినా గుంటయ్యకు లోపల గుబులుగానే ఉంది. పెద్దాయన చెప్పింది ఒక్కరు కూడా దాహంతో వెనక్కి పోకూడదని. పదిహేడు మంది పోతున్నారు. నూటికి నూరు శాతం అని చెబితేనే గుహ. ఒక పూటంతా బుర్ర గీక్కొని, చివరికి దారి కనిపెట్టాడు. రికార్డులో ఏదుపందుల పేర్ల ఎదురుగా ఒక మాట రాయించాడు: నీళ్లు అక్కరలేనివారు.

అంతే. అడవి మొత్తం నూరు శాతం అయింది.

ఈ సంగతి బండయ్య వచ్చి ములుకమ్మకు చెప్పాడు. పనిమీద ఉన్నప్పుడు మాట్లాడడు గాని, పని దిగాక అతను మంచి ఇరుగుపొరుగు. బొరియ ముందు నిలబడి, తన పెద్ద తల అటు తిప్పి వీపు ఆమెకు పెట్టి మరీ చెప్పాడు. అతనికి ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. వాళ్లు వచ్చినన్నాళ్లూ చూసి తనే నేర్చుకున్నాడు.

"మీకు నీళ్లు అక్కర్లేదని రాశారు వదినా. రేపు పౌర్ణమి. పెద్దాయనకు అదే చదివి వినిపిస్తారట."

బొరియ లోపల ఒక పసివాడు సన్నగా మూలిగాడు.

"బండయ్యా, ఒకటి అడుగుతాను. పెద్దాయన నీళ్లకు రావడం నువ్వు ఎప్పుడైనా చూశావా?"

"అమ్మో. ఆయన వస్తున్నాడంటే మేం ఆ గుట్ట అవతల ఉంటాం."

"గుంటయ్య?"

"అతను ఇక్కడే ఉంటాడు. సాష్టాంగపడి ముక్కు నేలకు ఆనించి ఉంటాడు. పెద్దాయన లెమ్మనేదాకా లేవడు. లేచేసరికి ఆయన మెడదాకా నీళ్లలో కూర్చొని ఉంటాడట. ఎందుకు?"

"ఏం లేదు. నా ఇల్లు ఈ గట్టు మీదే కదా, పదకొండు వేసవులు చూశాను," అంది ములుకమ్మ. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆమె ముళ్లు సంబరంగా గలగలమన్నాయి.

ఆ సాయంత్రమే ఆమె గుంటయ్య దగ్గరికి పోయింది. అతను ముళ్లకంచె కింద కూర్చొని రేపు చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటున్నాడు.

"మళ్లీ వచ్చావా అవ్వా? నీ పని అయిపోయింది. రికార్డు మూసేశాం."

"నా పని మీద రాలేదు నాయనా. నీ పని మీదే వచ్చాను. రేపు పెద్దాయన వస్తున్నాడు కదా. ఇంత గొప్ప పెట్టె పెట్టావు, అందులో కుందేలు ముఖం ఉంది, కప్ప ముఖం ఉంది. రాజుగారి ముఖం లేకపోతే ఏం బాగుంటుంది?"

గుంటయ్య చెవులు నిక్కాయి. ఈ సంగతి అతనికి తట్టనే లేదు.

"అందరూ చూస్తుండగా పెద్దాయన బండ ఎక్కాలి. ఆకుపచ్చ దీపం వెలగాలి. ఆయన నీళ్లలో దిగాలి. అప్పుడు నువ్వు నాలుగు మాటలు చెప్పాలి," అంది ములుకమ్మ. "అడవి ఉన్నన్నాళ్లు చెప్పుకుంటారు."

"అవ్వా, నువ్వు అనుకున్నంత మొండిదానివి కాదే."

"ముసలితనం నాయనా, మెత్తబడ్డాను. కానీ ఒక అనుమానం. రాజుగారికి కూడా ఇదే పద్ధతా? లేక ఆయనకు వేరే దారి పెడతావా?"

"వేరే దారా?" గుంటయ్యకు రోషం వచ్చింది. "పెట్టెకు చిన్నా పెద్దా లేదని చెప్పింది ఎవరు? రాజైనా బండ ఎక్కాల్సిందే, దీపం వెలగాల్సిందే. రేపు అందరి ముందూ చెబుతాను చూడు."

"చెప్పు నాయనా. గట్టిగా చెప్పు. బండయ్యకు కూడా విడిగా ఒకమాట చెప్పు, అతనికి ఒకసారి చెబితే ఎక్కదు."

గుంటయ్య పోయి బండయ్యకు మూడుసార్లు చెప్పాడు. ఎర్ర దీపం వెలిగితే కంప లాగాలి, ఎవరైనా సరే. ఎవరైనా సరేనా అని బండయ్య అడిగాడు. ఎవరైనా సరే అని గుంటయ్య అన్నాడు. బండయ్య తలాడించాడు.

పౌర్ణమి నాడు ఎండ చల్లబడ్డాక పెద్దాయన వచ్చాడు. ఆ రోజుకు వేట లేదని ముందే చాటింపు వేశారు గనుక అడవి అంతా మడుగు చుట్టూ కూడింది. దుప్పులు ఒక గుంపుగా, పందులు ఒక గుంపుగా, చెట్ల మీద కోతులు, ఎక్కడెక్కడివాళ్లో నిలబడ్డారు. ఏదుపందులు గట్టు మీద తమ బొరియ ముందు వరుసగా కూర్చున్నాయి. పొదమ్మ ఒడిలో ఇద్దరు పసివాళ్లు.

గుంటయ్య కంచె ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. పెద్దాయన పాలనలో దాహం లేదన్నాడు. నమోదు నూటికి నూరు శాతం అన్నాడు. ఏదుపందులు మాత్రం తమకు నీళ్లు అక్కరలేదని చెప్పాయన్నాడు. పెద్దాయన ఒకసారి గట్టు వైపు చూశాడు. ఇన్ని రోజులు ఎండలో తిరిగి వచ్చినవాడికి ఆ సమయంలో కావలసింది ఉపన్యాసం కాదు, నీళ్లు.

"ఈ పెట్టెకు మినహాయింపులు లేవు," అని ముగించాడు గుంటయ్య. "రాజుగారు కూడా ఇదే బండ ఎక్కుతారు. ఆయన ముఖం చూసి దీపం పచ్చగా వెలుగుతుంది. అందరూ కళ్లారా చూడండి."

అలా అని, అలవాటు కొద్దీ సాష్టాంగపడి ముక్కు నేలకు ఆనించాడు.

పెద్దాయన బండ వైపు నడిచాడు. పది అడుగుల దూరంలో ఆగాడు. పిల్లప్పటినుంచీ ఎలా చేస్తున్నాడో అలాగే, ఆలోచించనైనా ఆలోచించకుండా, గిర్రున వెనక్కి తిరిగాడు. తోక కాస్త ఎత్తి పట్టి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ బండ ఎక్కాడు.

పెట్టె కన్ను తెరిచింది.

"ముఖం కనబడుట లేదు," అంది తియ్యగా. "పొరుగు అడవి జంతువుగా భావించడమైనది."

ఎర్ర దీపం వెలిగింది.

బండయ్య దీపం చూశాడు. పెద్దాయన్ని చూశాడు. మళ్లీ దీపం చూశాడు. కానీ ఎవరైనా సరే అని మూడుసార్లు చెప్పారు. కళ్లు మూసుకొని కంప లాగాడు.

ఆ సరికే పెద్దాయన వెనక కాలు ఒకటి సందులో పెట్టాడు. కంప వచ్చి సరిగ్గా ఆయన పిరుదులకు తగిలింది.

ఆ గాండ్రింపుకు చెట్ల మీది కోతులు నాలుగు కిందపడ్డాయి. గుంటయ్య తల ఎత్తాడు. ఎదురుగా పెద్దాయన ముఖం, ఆ ముఖం వెనక ముళ్లకంప, పక్కన ఎర్ర దీపం. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"ప్రభూ, మీరు... ఇటు తిరిగి ఎందుకున్నారు?"

"నేను ఎప్పుడూ ఇలాగే దిగుతాను."

"వెనక్కా?"

"వెనక్కే. ముందుగా దిగితే కళ్లల్లో నీళ్లు పడతాయి. మా అమ్మ అలా నేర్పింది. మా తాత కూడా అలాగే దిగేవాడు. ఇన్నేళ్లుగా నా కొలువులో ఉన్నావు కదరా, నీకు తెలియదా?"

ఇన్నేళ్లుగా పెద్దాయన నీళ్లలో దిగుతున్నప్పుడల్లా గుంటయ్య చూసింది తన ముందు కాళ్ల మధ్య మట్టినే.

"ఇంతకూ ఆ పెట్టె ఏమంది నన్ను?"

చెట్టు మీదినుంచి చిటికెయ్య చెప్పాడు. "పొరుగు అడవి వారంది ప్రభూ."

పెద్దాయన కళ్లు చిన్నవి చేసి బండయ్య వైపు తిరిగాడు. "నువ్వు లాగావా కంప?"

"లాగాను ప్రభూ. ఎవరైనా సరే అన్నారు." "నేను కంప లాగడం ఇది తొమ్మిదో రోజు ప్రభూ. ముందు ఎనిమిది రోజులూ ఏదుపందులకు లాగాను. ఆ తర్వాత వాళ్లు రావడం మానేశారు."

"ఏదుపందులా? నీళ్లు అక్కరలేదన్నారని చెప్పాడే ఇతను?"

అప్పుడు ములుకమ్మ గట్టు దిగింది. పెద్దాయనకు పది అడుగుల దూరంలో వెనక్కి తిరిగి, ముళ్లు పడుకోబెట్టి, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి వచ్చి ఆగింది. పెద్దాయన ఆ వీపును చాలాసేపు చూశాడు. తన నడకే తనకు ఎవరో చూపిస్తున్నట్టుంది.

"మాకూ దాహమవుతుంది సామీ," అంది ములుకమ్మ. "మేం మర్యాదగా వచ్చాం. మాకు ముఖం లేదంది. ముఖం తిప్పితే వస్తువంది. ఇదిగో ఇవాళ తమరికి కూడా ముఖం లేదంది. తమరు ఇలాగే దిగుతారని నాకు పదకొండు వేసవులుగా తెలుసు. అందుకే తమరిని ముందు ఎక్కించమని గుంటయ్యకు నేనే చెప్పాను. శిక్ష వేస్తే నాకు వేయండి."

"నీకెలా తెలుసు? నేను దిగుతుండగా ఎవరూ తలెత్తి చూడరు."

"నేను చూశాను సామీ. మా ఇల్లు అక్కడే. తమరు కూడా మాలాగే వస్తున్నారే అనుకొని, అప్పటినుంచి తమరంటే భయం పోయింది."

పెద్దాయన మీసాలు కదిలాయి. ముందు దగ్గు లాంటిదొకటి వచ్చింది. తర్వాత తెలిసింది అది నవ్వని. ఆయన నవ్వడం అంతకు ముందు అడవిలో ఎవరూ వినలేదు. ఒక్కొక్కరుగా అందరికీ పాకింది. దుప్పులు నవ్వాయి, పందులు పొర్లి నవ్వాయి, కిందపడ్డ కోతులు పడినచోటే ఉండి నవ్వాయి. చివరికి బండయ్య కూడా కళ్లు తెరిచి, తను బతికే ఉన్నానని చూసుకొని నవ్వాడు. నవ్వనివాడు గుంటయ్య ఒక్కడే.

"బండయ్యా, కంప తియ్యి," అన్నాడు పెద్దాయన. "ఇవాళ ముందు దిగేది నేను కాదు. ఆ పసివాళ్లు."

పొదమ్మ పిల్లలనిద్దరినీ వెంటబెట్టుకొని వెనక్కి వెనక్కి నడుస్తూ బండ దాటింది. పెట్టె ఏదో అనబోయింది. చిటికెయ్య దాని నోటికి అడ్డంగా తోక పెట్టాడు. పసివాళ్లకు నీళ్లంటే ఏమిటో తెలియదు. ఒకడు తొందరపడి వెనక కాళ్లు జారి బుడుంగున మునిగి లేచి తుమ్మాడు. రెండోవాడు అది ఆట అనుకొని తనూ మునిగాడు.

పెద్దాయన వాళ్లు తాగేదాకా గట్టున కూర్చున్నాడు. తర్వాత గుంటయ్యను పిలిచాడు.

"నిన్ను తినేయొచ్చు. కానీ ఇవాళ వేట లేదన్నాను. పైగా పెట్టె ఆలోచన మంచిదే. చేసినవాడికే ఈ అడవి తెలియదు."

"చిత్తం ప్రభూ."

"రేపటినుంచి ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు ఉండు. ఎలా వస్తారు, ఎలా పోతారు, దేనికి సిగ్గుపడతారు, దేనికి భయపడతారు, అన్నీ నేర్చుకో. చిటికెయ్యను వెంట తీసుకుపో, అతను చెబితే విను. అందరి ఇళ్లూ అయ్యాకే పెట్టె మళ్లీ తెరవాలి. మొదటి ఇల్లు ములుకమ్మది."

"మరి ఆ గుహ ప్రభూ..."

"ఏ గుహ?" అన్నాడు పెద్దాయన. గుంటయ్య ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే గుంటయ్య, చిటికెయ్య బొరియ ముందు నిలబడ్డారు. ములుకమ్మ లోపలినుంచి పిలిచింది.

"రా నాయనా. వెనక్కి తిరిగి రా."

"అవ్వా, నేనొక అధికారిని. తోక ముందు పెట్టుకొని ఎలా వస్తాను? వెనక ఏముందో నాకు కనబడదు కదా."

"అందుకే మర్యాద అంటారు దాన్ని."

చిటికెయ్య అప్పటికే వెనక్కి తిరిగి, తోక చుట్ట చుట్టి పట్టుకొని లోపలికి పోయాడు. లోపల ఎవరో అతనికి గడ్డ పెడుతున్న చప్పుడు వినబడింది. గుంటయ్యకు పుట్టినప్పటి అలవాటు ఒక్క పూటలో పోలేదు. ఒక్క అడుగే కదా, ఎవరు చూస్తారు అనుకొని తల ముందు దూర్చాడు.

చీకట్లో కొత్త ముఖం కనబడేసరికి పదిహేడు మందీ ఉలిక్కిపడ్డారు. గలగలమని చప్పుడైంది. గుంటయ్య కేక గుట్ట అవతల బండయ్యకు వినబడింది.

రెండోసారి అతను తిరిగే వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకొని, ఒళ్లంతా బిగబట్టి, వెనక ఎక్కడ ఏ ముల్లుందో తెలియక ఒక్కో అడుగూ వణుకుతూ వేశాడు. లోపలికి వచ్చేదాకా ఏ ముల్లూ గుచ్చుకోలేదు. పసివాడొకడు వచ్చి అతని తోక వాసన చూసి, దాని మీదే పడుకున్నాడు. వాడు లేచేదాకా గుంటయ్య తోక కదిలించలేదు.

ఆషాఢం వచ్చేసరికి పెట్టె మళ్లీ తెరిచారు. ఇప్పుడది ఏదుపందులను వీపుతో గుర్తుపడుతుంది, గబ్బిలాల ఫోటోలు తనే తిప్పుకుంటుంది, తాబేలు డిప్ప చూసి నమస్కారం అంటుంది. పులి తోకకు ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ నెలలోనే వానలు వచ్చి వాగులన్నీ నిండాయి గనుక పెట్టెతో పని పడలేదు. అయినా పసివాళ్లు మాత్రం దీపం చూడడానికి రోజూ వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవారు.

పదిమంది నడిచే వాకిలి కట్టేవాడు, ఆ పదిమంది ఇళ్లకు ముందు తాను చుట్టంగా పోయి రావాలి.

గుంటయ్య ముక్కులో దిగిన ముళ్లు తొమ్మిది. ఎనిమిది చిటికెయ్య లాగేశాడు. తొమ్మిదోది ఇప్పటికీ అక్కడే ఉంది.